సామాజిక మధ్యవర్తిత్వ కేంద్రాలు – సంఘం అవసరం

అమెరికాలో ఇరుగుపొరుగు తగాదాలను కోర్టు వెలుపల పరిష్కరించేందుకు 1978లో అట్లాంటా, కాన్సాస్ సిటీ, లాస్ ఏంజిలిస్ నగరాలలో ప్రభుత్వ నిధులతో ప్రయోగాత్మక కేంద్రాలు ప్రారంభమయ్యాయి. 1980లో వివాద పరిష్కార చట్టం వచ్చినా, అమెరికా కాంగ్రెస్ దానికి నిధులు కేటాయించలేదు. ఇటువంటి కేంద్రాలు స్థానిక కోర్టులు, నగరపాలక సంస్థలు, దాతలపై ఆధారపడవలసి వచ్చింది. కేంద్రం మూతపడితే ఎక్కువగా నష్టపోయేది న్యాయవాదిని పెట్టుకోలేని పేదలే.

ఈ నేపథ్యంలో 1990వ దశకంలో సామాజిక మధ్యవర్తిత్వ జాతీయ సంఘం ఏర్పడింది. శిక్షణ, ఉమ్మడి ప్రమాణాలు, అనుభవాల మార్పిడి, నిధుల కోసం కలసి అడిగే అవకాశం సభ్యత్వం వల్ల కలిగే ప్రయోజనాలు.

మన 2023 మధ్యవర్తిత్వ చట్టం సామాజిక మధ్యవర్తిత్వ ఒప్పందాలకు డిక్రీ బలం ఇవ్వలేదు. కాబట్టి ఇక్కడ మధ్యవర్తిపై నమ్మకమే ఆధారం. ఆ నమ్మకాన్ని నిలిపే శిక్షణ, ప్రమాణాలు ఒంటరి కేంద్రానికి కష్టసాధ్యం.