లోహశోధిని – నేల స్వభావము

1881 జులై 2న కాల్పులకు గురియైన అమెరికా అధ్యక్షుడు గార్ఫీల్డు శరీరములో గుండు ఎక్కడ నిలిచినదో తెలిసికొనుటకు టెలిఫోను నిర్మాత గ్రహాంబెల్ ఒక విద్యుత్ పరికరమును తెచ్చెను. ఫలము కలుగలేదు. పరుపు క్రింది ఇనుపతీగలు దానిని తికమక పెట్టినవందురు. వైద్యుడు కుడివైపు మాత్రమే వెదకనిచ్చుట మరొక కారణము. సెప్టెంబరు 19న అధ్యక్షుడు మరణించెను.

వెదకెడి లోహముకంటె పరిసరమే బిగ్గరగా పలుకుట ఈ యంత్రమునకు నాటినుండియు గల చిక్కు. పోలండు సైనికాధికారి కొసాట్‌స్కీ రూపొందించిన శోధిని 1942లో ఎల్ అలమీన్ ఇసుకలో మందుపాతరలను పట్టియిచ్చెను. కాని ఇటలీలో కొన్నిచోట్ల మట్టిలోని ఇనుప ఖనిజములవలన శోధినులు ఊరకే మ్రోగగా, సైనికులు బాయొనెట్లతో నేలను గుచ్చి వెదకవలసి వచ్చెను.

భీమునిపట్నపు నల్లయిసుకలో అయస్కాంతమును త్రిప్పిచూడుడు. అంటుకొను రేణువులలో మాగ్నటైటు ఉండును. అట్టి నేలయు శోధిని తీగచుట్టకు బదులిచ్చును. అయితే ఆ సంకేతపు దశ లోహపు సంకేతదశకు భిన్నము. ఈ భేదమే తరువాతి యంత్రములకు ఆధారమైనది. లోహము లేనిచోట చుట్టను పైకి క్రిందికి కదల్చుచు, ధ్వని మారకుండునంతవరకు మీటను సరిచేయుదురు. ఉప్పుతడి గల తీరమున నీరే విద్యుద్వాహకమగుటచే మరల సరిచేయవలెను. మ్రోత భరింపలేక సూక్ష్మతనే తగ్గించినచో, కొలది లోహము గల మందుపాతర పలుకకుండ మిగిలిపోవును.