పట్టు సడలిన పథ్యం: అమెరికా నర్సింగ్ హోముల్లో మధుమేహ సంరక్షణ

అమెరికాలో నర్సింగ్ హోమ్ అంటే తెలుగునాట ఆ పేరుతో నడిచే చిన్న ప్రైవేటు ఆసుపత్రి కాదు. తమ పనులు తాము చేసుకోలేని వృద్ధులు నెలల తరబడి, తరచు కడదాకా ఉండే నివాసం. 1965లో ఏర్పడిన మెడికేర్, మెడికెయిడ్ అనే ప్రభుత్వ వైద్య పథకాల డబ్బుతో ఇవి వేగంగా పెరిగాయి గానీ, కొత్తగా చేరిన మధుమేహ రోగికి వైద్యం ఎలా సాగాలన్నది చాలాకాలం ఆసుపత్రి నుంచి వెంట వచ్చిన మందుల చీటీయే నిర్ణయించేది.

ఆ చీటీలో తరచు కనిపించేది స్లైడింగ్ స్కేల్, అంటే అప్పటికప్పుడు తేలిన చక్కెరను బట్టి పట్టిక చూసి ఇన్సులిన్ ఇచ్చే పద్ధతి. వేలికొన గుచ్చి రక్తపు బొట్టులో చక్కెరను కొలిచే యంత్రాలు రాకముందు, బెనెడిక్ట్ ద్రావణంలో మూత్రం కలిపి వేడిచేసి, నీలంగానే మిగిలితే ఇన్సులిన్ అక్కరలేదనీ, ఆకుపచ్చ, పసుపు, నారింజ దాటి ఇటుక ఎరుపుకు తిరిగేకొద్దీ మోతాదు పెంచాలనీ లెక్క కట్టేవారు. రంగు పోయి అంకె వచ్చినా లోపం తీరలేదు; ఈ పద్ధతి అప్పటికే పెరిగిన చక్కెరను వెంటాడుతుందే తప్ప రాబోయే భోజనాన్ని పట్టించుకోదు. ఇన్సులిన్ వేశాక వృద్ధురాలు కంచంలో సగం వదిలేస్తే చక్కెర ప్రమాదకరంగా పడిపోతుంది. హైపోగ్లైసీమియా అనే ఈ స్థితిలో కలిగే తికమకను, మతిమరుపు ముదిరిన వారిలో, వయసు మీద వేసి సరిపెట్టుకోవడం తేలిక.

1987 నాటి సమాఖ్య సంస్కరణ చట్టం కింద వచ్చిన నియమాలు, చేరిన 14 రోజుల్లోగా సమగ్ర పరిశీలన, అది ముగిసిన 7 రోజుల్లోగా సంరక్షణ ప్రణాళిక ఉండాలన్నాయి. దస్త్రానికి ఈ గడువు చాలు గానీ, ఇన్సులిన్ మీద ఉన్న మనిషికి మొదటి పూట భోజనమే గడువు. 48 గంటల్లోగా ప్రాథమిక ప్రణాళిక ఉండాలన్న నియమం 2016లో గానీ రాకపోవడం ఆలస్యమనే చెప్పాలి.

ఈలోగా వైద్యుల ఆలోచన మారింది. మార్క్ బీర్స్ బృందం నర్సింగ్ హోమ్ వృద్ధులకు తగని మందులంటూ 1991లో కూర్చిన జాబితాలో, శరీరంలో చాలాసేపు నిలిచి చక్కెరను పడగొట్టే క్లోర్‌ప్రొపమైడ్ మాత్ర చేరింది. 2012 నాటి సవరణలో స్లైడింగ్ స్కేల్ కూడా అందులోకి ఎక్కింది. అకార్డ్ అనే పెద్ద పరిశోధనలో, చక్కెరను అతి కఠినంగా అదుపు చేసిన వర్గంలో మరణాలు ఎక్కువగా కనిపించడంతో 2008లో ఆ చికిత్సను మధ్యలోనే ఆపివేశారు. వృద్ధాశ్రమాల్లో మిఠాయి లేని ప్రత్యేక కంచం మీదా అనుమానం పెరిగింది, ఎందుకంటే రుచిలేని పథ్యంతో ఆకలి చచ్చిన వృద్ధునికి చక్కెర కంటే బరువు తగ్గడమే పెద్ద ముప్పు. అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ 2016లో విడుదల చేసిన ప్రకటన ఇలాంటి నివాసాల్లో కఠిన ఆహార నియమాలు వద్దనీ, స్లైడింగ్ స్కేల్ ఒక్కదానినే దీర్ఘకాలం నమ్ముకోరాదనీ స్పష్టం చేసింది.