మసి పట్టించిన గాజుపలక మీద సముద్రం

స్కూబా డైవింగ్ లాగ్ సాఫ్ట్‌వేర్‌లో నీటి ఉష్ణోగ్రతని మామూలుగా సమయంతో గీస్తారు. లోతుతో గీస్తే చల్లటి పొర ఎక్కడ మొదలైందో ఇట్టే కనిపిస్తుంది. ఆ బొమ్మ కంప్యూటర్లు తెచ్చింది కాదండీ. దక్షిణాఫ్రికాలో పుట్టిన ఆథెల్‌స్టన్ స్పిల్‌హౌస్ 1930ల చివర్లో అమెరికాలోని వుడ్స్ హోల్‌లో బాతీథర్మోగ్రాఫ్‌ని పనికొచ్చేలా చేశాడు.

చూడ్డానికి చిన్న టార్పెడోలా ఉంటుంది. లోపల మసి పట్టించిన గాజుపలక. లోతు పెరిగేకొద్దీ ఒత్తిడికి పలక జరుగుతుంది, ఉష్ణోగ్రత మారితే ముల్లు దానికి అడ్డంగా కదులుతుంది. ముల్లు మసిని గీకుతూ పోతే గ్రాఫ్ తయారు! కరెంటుతో పనే లేదు.

తర్వాత రెండో ప్రపంచయుద్ధం వచ్చింది. ఉష్ణోగ్రత గబుక్కున పడిపోయే పొర దగ్గర సోనార్ శబ్దం వంగిపోతుంది. దాని కిందకి దిగిన జలాంతర్గామి పైన వేటాడే ఓడకి దొరకడం కష్టం. అందుకే అమెరికా వాళ్ళు జలాంతర్గాములకే దీన్ని బిగించారు. ఎంత లోతుకి దిగితే బతుకుతామో కెప్టెన్‌కి ఆ గీతే చెప్పాలి.

ఒక తిరకాసు ఉందండోయ్. దిగేటప్పటి గీతా, ఎక్కేటప్పటి గీతా సరిగ్గా ఒకదానిమీద ఒకటి పడవు. కొలిచే భాగం నీటి ఉష్ణోగ్రతకి రావడానికి కాస్త టైం పడుతుంది మరి. ఇప్పటి డైవ్ కంప్యూటర్లు చాలావరకు ఇంకా నిదానం. మీ లాగ్‌లో గీత ఉచ్చులా కనిపిస్తే కారణం అదే.