చీర కంటే ముందు పుట్టే అట్టలు

జమ్మలమడుగు పక్కనున్న మోరగుడిలోనో, ప్రొద్దుటూరు చేనేత వీధుల్లోనో మగ్గమున్న ఇంట్లోకి వెళ్లి తలెత్తి చూడండి. పడుగు మీద జాకార్డు పెట్టె, దాని నుంచి వేలాడే అట్టల వరస కనిపిస్తాయి. ఒక్కో అట్ట డిజైనులో ఒక్కో పేకకు లెక్క. అట్టకు బెజ్జమున్న చోట సూది లోపలికి దూరుతుంది, దాని హుక్కు లేస్తుంది, పడుగు పోగు పైకొస్తుంది. బెజ్జం లేని చోట అట్ట సూదిని వెనక్కి నెట్టేస్తుంది, హుక్కు పక్కకు తప్పుకుంటుంది, పోగు కిందే ఉండిపోతుంది. నెమలి తోక ఎక్కడ మొదలవ్వాలో నేతగాడు మనసులో పెట్టుకోనక్కర్లేదు. ఆ పని అట్టలది.

ఈ అట్టల పుట్టిల్లు ఫ్రాన్సులోని లియాన్. 1725లో బాసిల్ బూషోన్ అనే ఆయన బెజ్జాలు కొట్టిన కాగితపు చుట్టను మగ్గానికి తగిలించాడు. కాగితం చిరిగిందంటే డిజైను పోయినట్టే. మూడేళ్లకు ఫాల్కన్ అనే అతని తోటివాడు చుట్టను పక్కనపెట్టి, అట్టముక్కలను వరసగా దారంతో కుట్టాడు. నన్నడిగితే అసలు మలుపు ఇదే. ఒక అట్ట పాడైతే ఆ ఒక్కటే మార్చుకోవచ్చు, మిగతా డిజైను జోలికి పోనక్కర్లేదు. పేరు మాత్రం 1804లో ఈ ఏర్పాట్లన్నీ కలిపి ఒక్క మనిషి నడిపే యంత్రం చేసిన జోసెఫ్ మరీ జాకార్డుకు దక్కింది. అంతవరకూ పూలూ తీగలూ నేయాలంటే పోగులు లాగడానికి పక్కన ఇంకో మనిషి ఉండాల్సిందే. 1839లో జాకార్డు బొమ్మనే పట్టు మీద నేస్తే దానికి 24,000 అట్టలు పట్టాయట! కంప్యూటరు తాతగా చెప్పుకునే చార్లెస్ బాబేజ్ ఆ బొమ్మ ఒకటి సంపాదించి ఇంటికొచ్చిన వాళ్లకు చూపించేవాడు.

ఆ 1804లో మన సీమకు కలెక్టరు థామస్ మన్రో. ఇక్కడి నేతగాళ్లకు అప్పుడు తెలిసిన కొత్త సంగతులు కుంఫిణీ లెక్కలూ, మగ్గం మీద పన్నూ. జాకార్డు ఈ మగ్గాలెక్కడానికి తరాలు పట్టింది.

ఎక్కాక పని తీరే మారింది. డిజైనంటే నేతగాడి వేళ్లలో ఉండే విద్య కాకుండా, సావుకారు ఇంట్లో ఉండే వస్తువైంది. ముందు గ్రాఫు కాగితం మీద గళ్లు నింపుతారు. అడ్డం గడి ఒక హుక్కు, నిలువు గడి ఒక పేక. దాన్ని చూసి అట్టలు కొడతారు, అంకెలు వేస్తారు, వరసగా కుడతారు. పది మగ్గాల మీద ఒకే చీర నేయించాలంటే పది సెట్లు కావాలి. అసలు సెట్టు సావుకారు దగ్గరుంటుంది, నకళ్లు ఇళ్లకు పోతాయి. కొట్టేటప్పుడు ఒక్క బెజ్జం మరిచిపోతే ఆ తప్పు ప్రతి బుటాలోనూ అదే చోట తేలుతుంది. నకళ్లు పంచేశాక బయటపడితే పది ఇళ్లకూ తిరిగి, అదే అంకె అట్టను విప్పి, కొత్తది కుట్టి రావాలి. అక్కర్లేని బెజ్జమైతే కాగితం ముక్క అతికిస్తే సరిపోతుంది. అట్టలు తారుమారైతే మాత్రం నెమలి తల తోక దగ్గర మొలుస్తుంది.

పులివెందుల నుంచి పెళ్లి బట్టలకు ప్రొద్దుటూరు అంగళ్లకొచ్చిన వాళ్లకు ఈ బాధలేం తెలుస్తాయి? బుటా కాస్త చిన్నదైతే బాగుండునంటారు. అది సులువే: ఉన్న హుక్కుల్లోనే ఇమిడితే పాత అట్టలు దించి కొత్తవి తగిలిస్తారు. అంచు వెడల్పు పెంచమంటేనే చిక్కు. 240 హుక్కుల పెట్టెకు 240 హుక్కుల పనే తెలుసు. అంచు పెరిగితే పెట్టె మారాలి, హుక్కుల నుంచి పోగులకు దిగే తాళ్ల కట్టు మళ్లీ కట్టాలి. ఆ రోజుల్లో మగ్గానికి నేత లేదు, నేతగాడికి కూలీ లేదు.

కొత్త డిజైన్లు నేతగాళ్లకు అందించాలని కేంద్ర ప్రభుత్వం 1956 నుంచి వీవర్స్ సర్వీస్ సెంటర్లు పెట్టింది. మన రాష్ట్రానికి విజయవాడలో ఉంది. సొంతంగా చేసిన కొత్త డిజైనును 2000 నాటి డిజైన్ల చట్టం కింద నమోదు చేసుకుంటే దాని మీద పదేళ్ల హక్కు, ఆపైన ఇంకో ఐదేళ్ల పొడిగింపూ ఉన్నాయి. కానీ పవర్‌లూమ్ నకలు బజారుకొచ్చే వేగం ముందు ఆ కాగితం ఏపాటి?

1983లో బోనాస్ కంపెనీ మిలాన్ ప్రదర్శనలో ఎలక్ట్రానిక్ జాకార్డు చూపించింది. అది పెట్టుకున్న మగ్గానికి అట్టలతో పనిలేదు. తప్పును కంప్యూటరులో ఒక్కసారి దిద్ది, ఆ ఫైలునే అన్ని మగ్గాలకూ ఇవ్వొచ్చు. మేలే, కాదనను. అయితే చిరిగిన అట్టకు నేతగాడి ఇల్లాలే అతుకు వేసేది. ఫైలు చెడితే డిజైనరు ఫోను ఎత్తేదాకా కూర్చోవాలి. ఇక హుక్కుల నుంచి దిగే ఆ కట్టు సంగతి, అది ఇప్పటికీ చేత్తో కట్టాల్సిందే.