రొట్టె పేరుగల కారు



హైదరాబాదు నగరమున లక్డీకాపూలు అనగా కొయ్యవంతెన. నేడచ్చట కొయ్యవంతెన లేదు. పేరు మాత్రము నిలిచినది. వస్తువు పోయినను దాని జాడ నిలుచుట లోకసహజము. అట్లే నాలుగేండ్లు మాత్రము బ్రతికి, తన రూపమును లోకమునకు విడిచిపోయిన యొక జర్మనీ కారు కథను మనవి చేసెదను.

1923లో జర్మనీ నాణెమునకు విలువ పూర్తిగా పోయెను. మధ్యతరగతివారు కూడబెట్టిన సొమ్ము రొట్టెముక్కకైన చాలదయ్యెను. అట్టి కష్టకాలము గడచినంతనే, హనోవరు నగరమున రైలింజనులు చేయుచుండిన హనోమాగ్ కంపెనీ సామాన్యునకు అందుబాటగు కారును తలపెట్టెను. 1925 నుండి అది విరివిగా తయారయ్యెను. వెనుకభాగమున ఒకే సిలిండరుగల యింజను; పది గుఱ్ఱముల బలము; గంటకు సుమారు 60 కిలోమీటర్ల వేగము; ఇద్దరికే చోటు; ఎడమప్రక్క ఒకే తలుపు; మొదట చేసినవానికి ముందు నడుమ ఒకే దీపము.

ఆనాటి కారులకు చక్రములపై రెక్కలవంటి మడ్గార్డులును, ప్రక్కల మెట్లును ఉండెడివి. దీనికవి లేవు. ఒడలంతయు ఒకే పెట్టెవలె నుండుటచే, సిపాయిలకు పంచు రొట్టె యనునర్థమున జనులు దీనిని ‘కొమ్మిస్‌బ్రోట్’ అని పిలిచి నవ్విరి. నవ్వుచునే 15,000కు పైగా కొనిరి.

అయినను ఒపెల్ కంపెనీ నాలుగు సిలిండర్ల చిన్నకారును చేసి, ఏటేట ధర తగ్గించుచు వచ్చెను. కొంచెము సొమ్ము హెచ్చయినను నలుగురివంటి బండి దొరకునప్పుడు, నలుగురు నవ్వెడి బండి యెవరికి కావలెను? 1928లో కొమ్మిస్‌బ్రోట్ తయారీ నిలిచిపోయెను. కాని చక్రములను ఒడలిలో ఇముడ్చు నా పద్ధతినే తరువాత లోకమందలి కారులలో పెక్కు అవలంబించినవి.

సామాన్యుని ప్రయాణమను నదే చిక్కు మన హైదరాబాదు సంస్థానమునను ఉండెను. ఇచ్చట దానికి వేఱొక దారి దొరకెను. 1932లో నిజాము రైల్వేవారు 27 బస్సులతోను, 166 మంది ఉద్యోగులతోను రోడ్డురవాణా నారంభించిరి. కారు కొనలేనివాడును టిక్కెట్టు కొని, పదుగురి సరసన కూర్చుండి, తలయెత్తుకొని పోగలిగెను. ఆ సేవయే పెరిగి 1958లో ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ యయ్యెను.

పేదవానికి చౌక వస్తువు నిచ్చుట మేలే. దానితో మర్యాదయు నిచ్చినగాని ఆ మేలు నిలువదు. ఇదియే ఆ రొట్టెబండి మనకు చెప్పు నీతి.