వెట్టి పరుగు తొక్కిన బాట

అనంతగిరి గుట్టల మీద పడిన వాన రెండు దిక్కులకు పోతుంది. తూర్పుకు దిగిన నీళ్లు మూసీ అయి హైదరాబాదు చేరతాయి. పడమరకు దిగినవి కాగ్నా అయి యాలాల్ పొలాలనూ తాండూరునూ ఒరుసుకుంటూ పోయి, సేడం దాటి, మల్‌ఖేడ్ కోట పక్కగా సాగి భీమలో కలుస్తాయి. ఈ గుట్టల్లో ఇప్పుడు సెలవు రోజుల్లో పరుగు కోసం నగరం నుంచి వచ్చేవాళ్లు కనిపిస్తున్నారు. తారురోడ్డు వదిలి మొరం బాట పట్టి, ఎక్కుతూ దిగుతూ మైళ్లకు మైళ్లు పరుగెత్తుతారు. ఆరోగ్యం కోసం, ఆనందం కోసం చేసే పని అది. దాన్ని తప్పుపట్టడానికి ఏమీ లేదు. కానీ ఈ నేల మీద పరుగు కొత్తది కాదు. ఇక్కడ రాజ్యం వందల ఏళ్లు మనిషి కాళ్ల మీద నడిచింది. కొండకు అడ్డంగా కోసుకుపోయే ఈ ఇరుకు బాటల్లో కొన్నింటినైనా నిలబెట్టింది ఆ పరుగేనని, అందులో చివరి అంచె కూలి లేని చాకిరీ అని నా వాదన.

ముందు నేల సంగతి చూడాలి. వికారాబాదు గుట్టల నెత్తిన ఎర్రటి జేగురు రాయి, దాని కింద దక్కను నల్లరాయి ఉంటాయి. తాండూరు వైపు దిగుతుంటే సున్నపురాయి, నాపరాయి పొరలు మొదలవుతాయి, వాటి మీద నల్లరేగడి పరుచుకుంటుంది. 2022లో భౌగోళిక గుర్తింపు పొందిన తాండూరు కంది ఈ నేలలో పండేదే. కందికి వరమైన ఈ మట్టి వానాకాలంలో ప్రయాణికుడికి శత్రువు. బండి చక్రం కూరుకుపోతుంది, కాలికి మట్టి గడ్డలుగా అంటుకుని అడుగు పైకి రాదు. గుట్ట మీది మొరం మాత్రం వాన వెలియగానే ఆరడం మొదలుపెడుతుంది. అందుకే ఈ ప్రాంతంలో రెండు రకాల దారులు పడ్డాయి. బండ్లబాట చదును వెతుక్కుంటూ వాగు వెంబడి చుట్టు తిరిగి పోతుంది. కాలిబాట గట్టి నేల వెతుక్కుంటూ నిటారుగా గుట్ట ఎక్కి అవతలికి దిగుతుంది. సరుకుకు మొదటిది చాలు, సరుకు రేపు చేరినా నష్టం లేదు. వార్త మోసేవాడికి రెండోదే దిక్కు.

ఈ దారుల మీద వార్తకు కొరత ఎప్పుడూ లేదు. కాగ్నా దిగువన ఉన్న మల్‌ఖేడే తొమ్మిదో శతాబ్దంలో అమోఘవర్షుడు ఏలిన రాష్ట్రకూట రాజధాని మాన్యఖేటం. 1347లో బహమనీలు గుల్బర్గాను రాజధాని చేసుకున్నారు, తరవాతి శతాబ్దంలో బీదరుకు మారారు. ఆ రాజ్యం చీలాక గోల్కొండ లేచింది. గుల్బర్గా, బీదరు, గోల్కొండ, ఈ మూడింటి మధ్య గీత గీస్తే యాలాల్, తాండూరు ఆ ముక్కోణానికి దగ్గర్లోనే పడతాయి. రాజధాని ఎటు మారినా ఫర్మానా వెళ్లవలసిన దారి ఇటువైపునుంచే.

ఆ ఫర్మానాను గుర్రం కంటే మనిషే వేగంగా చేర్చేవాడన్నది ఈ కాలం పాఠకుడికి నమ్మశక్యం కాకపోవచ్చు. ఇద్దరు విదేశీ యాత్రికులు మాత్రం ఆ మాటే రాసి పెట్టారు. పద్నాలుగో శతాబ్దంలో ఢిల్లీ సుల్తాను కొలువులో ఉన్న ఇబ్న్ బతూతా కాలినడక టపా గుర్రపు టపా కంటే చురుకైనదన్నాడు. క్రోసుకు మూడు మజిలీల చొప్పున మనుషులు సిద్ధంగా ఉంటారనీ, ఒక చేత ఉత్తరం, ఇంకో చేత గజ్జెలు కట్టిన కర్ర పట్టుకుని పరుగెత్తుతారనీ, గజ్జెల చప్పుడు వినగానే తరవాతి మజిలీవాడు లేచి నిలబడతాడనీ వివరించాడు. పదిహేడో శతాబ్దంలో గోల్కొండ వజ్రాల కోసం పలుమార్లు వచ్చిన ఫ్రెంచి వర్తకుడు తావెర్నియే కూడా ఈ దేశంలో కాలిటపా రౌతుల కంటే ముందు చేరుతుందని రాశాడు. రాత్రివేళ, వానలో దారి తప్పకుండా అక్కడక్కడ రాళ్లు కుప్ప పోసి వాటికి సున్నం కొట్టే పనిని దగ్గరి ఊళ్ల మీద పెట్టేవారట. దారి కాపాడే భారం ఊరిదే. ఊరిలో ఆ భారం ఎవరి నెత్తిన పడిందో తావెర్నియే చెప్పలేదు. చెప్పకపోయినా మన ఊళ్ల కట్టుబాట్లు తెలిసినవాళ్లకు అది ఊహించడం కష్టం కాదు.

ఈ వాదనకు మొదటి అభ్యంతరం లంబాడీల పేరుతో వస్తుంది. ఈ గుట్టల్లో తండాలు ఎన్నో ఉన్నాయి, ఎడ్ల మీద ధాన్యం, ఉప్పు వేసుకుని దక్కనంతా తిరిగినవాళ్ల బాటలే ఇవి ఎందుకు కాకూడదు? కొన్ని తప్పకుండా వాళ్లవే. అయితే వందల ఎడ్ల మందకు పూటపూటకూ నీళ్లు, మేత కావాలి. దాని దారి వాగునూ చెరువునూ విడవదు. నీళ్లు లేని గుట్ట నెత్తిమీదుగా దగ్గరి దారిన కోసుకుపోయే బాట మందలకు పనికిరాదు. అక్కడ నడిచినవాడి దగ్గర బరువు లేదు, ఆగే వీలూ లేదు.

రెండో అభ్యంతరం రైలు. వాడి అనే ఊరి నుంచి సికిందరాబాదుకు నిజాం రైలు 1874లో వచ్చింది. తాండూరు, వికారాబాదు స్టేషన్లు ఆ లైను మీదివే. ఈ లైను తాండూరు నుంచి పడమరకు కాగ్నా పరీవాహకం గుండానే పోతుంది, మల్‌ఖేడ్ రోడ్ అన్న స్టేషను కూడా దాని మీదే ఉంది. రైలు వచ్చాక పరుగు అవసరం తీరిపోయిందని అనుకోవడం సహజం. జరిగింది వేరు. హైదరాబాదు రాజ్యం 1869లోనే సొంత తపాలా బిళ్లలు వేసింది. 1950 ఏప్రిల్ 1న భారత తపాలాలో కలిసేదాకా ఆ శాఖ విడిగా నడిచింది. దివాను సాలార్‌జంగ్ సంస్కరణలతో జిల్లాలు, తాలూకాలు, కచేరీలు ఏర్పడ్డాయి. కచేరీ ఉన్నచోట కాగితం పెరిగింది. రైలు ఆ కాగితాన్ని స్టేషను దాకా తెచ్చింది. స్టేషను నుంచి గుట్టల వెనక ఊరికి, ఊరి పటేలు దగ్గర్నుంచి తహసీలు కచేరీకి మళ్లీ మనిషే దిక్కు. లోయను రైలు తీసుకుంది, గుట్టలను పరుగుకే వదిలింది. దూరపు వార్త ఎంత త్వరగా వస్తే దగ్గరి మనిషి మీద అంత ఒత్తిడి.

ఆ దగ్గరి మనిషి ఎవరు? రాజ్యం కబుర్లు మోసే హర్కారాకు జీతం ఉంది, నమ్మకస్తుడన్న మర్యాద ఉంది. అతనికీ ఊరి మనిషికీ తేడా ఉందన్నది ఒప్పుకోవాలి. ఊరి నుంచి కచేరీకి, ఠాణాకు, పక్క ఊరి దొర గడికి కబురు మోసింది మాల, మాదిగ ఇళ్ల నుంచి వంతు మీద వచ్చిన మనిషి. ఇంటికొకరిని వెట్టికి వదలాలన్న కట్టడినీ, ఆ వెట్టిలో కబుర్లు, సామాన్లు ఊరూరికీ చేరవేయడం ఒక భాగమన్న సంగతినీ పుచ్చలపల్లి సుందరయ్య తెలంగాణ పోరాట చరిత్రలో రాశారు. దొర కచ్చరం కదిలితే దాని ముందూ వెనకా మనుషులు పరుగెత్తాలన్న ఆచారమూ అందులో ఉంది. ఈ రెండో పరుగు నాకు మొదటిదాని కంటే ఎక్కువ బాధ కలిగిస్తుంది. కబురు మోసే పరుగుకు కనీసం ఒక పని ఉంది. బండి ముందు పరుగుకు దొర పెద్దరికం చాటడం తప్ప ప్రయోజనం లేదు, దాని వేగాన్ని నిర్ణయించేవి ఎడ్లు.

సుందరయ్య చెప్పింది నల్లగొండ, వరంగల్లు వైపు సంగతి, తాండూరుకు దాన్ని ఎలా అంటగడతావని ఒకరు అడగవచ్చు. అడగవలసిన ప్రశ్నే. తాండూరు, కొడంగల్ తాలూకాలు 1956 దాకా గుల్బర్గా జిల్లాలోవి. తెలంగాణ సాయుధ పోరాటపు నడిబొడ్డు ఇది కాదు. అయినా పటేలు, పట్వారీ, వాళ్ల కింద జీతం లేని ఊరి చాకిరీవాళ్లు అన్న అమరిక నిజాం రాజ్యమంతటా ఒకటే. వికారాబాదు వైపు ఉన్నది పైగా అనే అమీరు వంశపు జాగీరు, ఆ ఊరి పేరే ప్రధానమంత్రిగా చేసిన పైగా అమీరు వికారుల్ ఉమ్రాది. జాగీరులో రాజ్యపు అధికారితోపాటు జాగీరుదారు మనుషులకూ పని చేయాలి. 1920లలో ఆంధ్ర జన సంఘం, 1930లో జోగిపేటలో మొదలైన ఆంధ్ర మహాసభ వెట్టిని ఒకటి రెండు జిల్లాల సమస్యగా చూడలేదు, రాజ్యం మొత్తానికి పట్టిన పీడగానే ఎత్తిచూపాయి. పోరాటం లేనిచోట చాకిరీ లేదనుకోవడం పొరపాటు. అక్కడ దాన్ని రాసిపెట్టినవాళ్లు తక్కువ, అంతే.

అందుకే ఈ కాలిబాటలను పత్రాలుగా చదవాలంటాను. వెట్టివాడు సంతకం చేసిన కాగితం ఏ కచేరీలోనూ దొరకదు, కోటలకు ఉన్నట్టు అతని పేర శిలాశాసనమూ లేదు. అతను మిగిల్చిందల్లా దగ్గరి దారి. మనుషులు ఇష్టంగా పరుగెత్తుతున్నప్పుడు ఈ పాత బాధను ఎందుకు తవ్వాలనేవారికి నా జవాబు సూటిగా ఇదే: అదే ఎక్కుడును ఇష్టపడి ఎక్కగలగడం ఎంత పెద్ద స్వేచ్ఛో తెలియాలంటే, కాదనే హక్కు లేకుండా ఎక్కినవాళ్ల సంగతి తెలియాలి. పైగా ఆ పత్రం చెరిగిపోతోంది. తాండూరు చుట్టూ నాపరాయి గనులు బాటలను మధ్యలోనే తెంపేశాయి. పూడూరు వైపు దామగుండం అడవిలో 2,900 ఎకరాలు నౌకాదళ సమాచార ప్రసార కేంద్రానికి వెళ్లాయి, అక్కడ 2024 అక్టోబరులో శంకుస్థాపన జరిగింది. గ్రామ నక్షాల్లో బండ్లబాటకు ఒక గుర్తు, కాలిబాటకు ఒక గుర్తు ఉన్నాయి. యాలాల్ మండలంలోని ఊళ్ల నక్షాలు పట్టుకుని, ఊరి పెద్దవాళ్లను వెంటబెట్టుకుని, ఏ గీత ఏ గుట్ట మీదుగా ఏ కచేరీకి పోయేదో, ఏ వాడ మనుషులు దాన్ని తొక్కేవారో ఇప్పుడే రాసుకోవాలి. నాయనల నోట, తాతల నోట ఆ పరుగు సంగతి విన్నవాళ్లు ఇంకా ఆ ఊళ్లలో ఉన్నారు.