మీటర్లు వద్దన్న ఊరు

కాలిఫోర్నియా అనగానే మనవాళ్ళకి గుర్తొచ్చేది శాన్ హోసే, ఫ్రీమాంట్, సన్నీవేల్. రాజధాని శాక్రమెంటో అన్న సంగతి క్విజ్ పోటీల్లో తప్ప ఎవరికీ అవసరం పడదు. కానీ ఇంటికొచ్చే నీళ్ళ మీద, ఇంటి కప్పు మీద పడే ఎండ మీద పెత్తనం ఎవరిది, ఇంటి యజమానిదా, ఊరిదా, రాష్ట్రానిదా అన్న తగాదా చరిత్ర చూడాలంటే ఈ ఊరిని మించింది నాకు కనబళ్ళేదు.

ఎందుకంటే ఈ ఊళ్ళో ఇళ్ళకి నీటి మీటరు పెట్టడం ఒకప్పుడు నిషేధం. ఏదో మునిసిపాలిటీ తీర్మానం కాదు, 1920లో చార్టరులోనే రాసుకున్నారు. చార్టరంటే ఊరికి రాజ్యాంగం లాంటిది.

దీని వెనక కథ కొంచెం పాతది. బంగారం కోసం జనం ఎగబడ్డ రోజుల్లో పుట్టిన ఊరు. 1850లో కలరా వచ్చింది, 1852లో ఊరు చాలా భాగం తగలబడింది. మంటలార్పడానికైనా నీళ్ళుండాలి కదా అని 1854లో ఊరివాళ్ళే సొంతంగా నీటి సరఫరా కట్టుకున్నారు. ఏటి నీళ్ళు పైకి తోడి, ట్యాంకులోంచి గొట్టాల్లోకి వదలడం, అంతే. శుద్ధి అన్న మాట లేదు. ఎగువన కొండల్లో బంగారం కోసం నీటిధారలతో గుట్టలకి గుట్టలు కడిగేస్తుంటే ఆ బురదంతా ఏట్లోకే వచ్చేది. సరైన శుద్ధి కేంద్రం 1920లలో గానీ రాలేదు.

ఆ నీళ్ళకి వసూలు ఎలాగంటే ఇంట్లో గదులు లెక్కపెట్టి. ఇన్ని గదులుంటే నెలకింత. ఎన్ని నీళ్ళు వాడినా అదే. ఊరికి అటు శాక్రమెంటో నది, ఇటు అమెరికన్ నది. "మన నీళ్ళు మనం వాడుకుంటే కొలతేంటి?" అన్నది ఊరి జనం మాట. అదే కాలంలో దక్షిణాన లాస్ ఏంజెలెస్‌లో ములహాలండ్ మీటర్లు బిగించి తలసరి వాడకాన్ని బాగా తగ్గించాడు. అక్కడ నీళ్ళు లేవు కాబట్టి మీటరొచ్చింది. ఇక్కడ ఉన్నాయి కాబట్టి రాలేదు. అప్పటికది తెలివితక్కువ పని కూడా కాదు, మీటరుకీ చదివే మనిషికీ అయ్యే ఖర్చు మిగిలింది.

ఇందులో కనబడని కిటుకొకటుంది. గదుల లెక్క పచ్చికని లెక్కపెట్టదు. వేసవిలో ఆర్నెల్లు చినుకు పడని చోట ఇంటి నీళ్ళల్లో పెద్ద వాటా పోయేది వాకిట్లో గడ్డికే. అయిదు గదుల ఇంట్లో ఒంటరిగా ఉండే ముసలావిడా, అన్నే గదులున్నా ఎకరంలో పావు వంతు పచ్చిక తడిపే ఆసామీ ఒకే డబ్బు కడతారు. అంటే ఆవిడ ఆయన గడ్డికి నీళ్ళు పోయిస్తోందన్నమాట. ఈ సంగతి ఎవరికీ తెలియదు, ఎందుకంటే కొలిచేదేదీ లేదు.

1987 నుంచి ఆరేళ్ళ కరువొచ్చింది. దాని మధ్యలో, 1991లో, రాష్ట్రం చట్టం చేసింది: 1992 నుంచి కట్టే ప్రతి కొత్త ఇంటికీ మీటరుండాలని. రాష్ట్ర చట్టం ముందు ఊరి చార్టరు నిలవదు. దాంతో శాక్రమెంటో వాళ్ళేం చేశారంటే (ఇది నాకు భలే నచ్చింది) మీటర్లు పెట్టారు, చూడ్డం మానేశారు. భూమిలో మీటరు తన మానాన తను తిరుగుతుంది, బిల్లు మాత్రం గదుల లెక్కనే. స్పెసిఫికేషన్‌లో ఉంది కదా అని లాగ్ ఫైలు రాయించి, దాన్ని ఎవరూ తెరవకుండా ప్రాజెక్టు ముగించడం మన సాఫ్ట్‌వేరువాళ్ళకి కొత్తేం కాదు.

చివరికి 2004లో ఏబీ 2572 అన్న చట్టం వచ్చింది. సంతకం చేసింది గవర్నరు ష్వార్జ్‌నెగర్. తెచ్చినావిడ క్రిస్టీన్ కీహో, శాన్ డియాగో సభ్యురాలు. ఎక్కడో దక్షిణపు కొసనుంచి, ఎక్కడెక్కడి నీళ్ళో తెచ్చుకుని బతికే ఊరి మనిషొచ్చి, రాజధాని జనానికి పొదుపు నేర్పించడమేంటని ఇక్కడివాళ్ళకి మండదూ మరి! చట్టం చెప్పింది రెండు ముక్కలు. 1992 తర్వాత పెట్టిన మీటర్లని 2010కల్లా చదివి బిల్లు వెయ్యాలి. మిగతా ఇళ్ళన్నిటికీ 2025 జనవరి 1కల్లా మీటర్లు పెట్టాలి. ఇరవై ఏళ్ళ గడువు, మన సర్కారీ గడువుల్లాంటిదే. ఫ్రెస్నో ఊరిది కూడా ఇదే కథ. కాకపోతే వాళ్ళు కేంద్ర ప్రభుత్వ కాలవ నీళ్ళు వాడతారు కాబట్టి వాళ్ళకి 2013 అన్నారు.

"మీటరు పెడితే రేపు బిల్లేస్తారు" అన్నది శాక్రమెంటో జనం భయం. ఆ మాట ఎక్కడో విన్నట్టుంది కదూ? 2004కి ముందు మన దగ్గర పంపుసెట్లకి మోటారు హార్స్ పవర్ లెక్కన స్లాబు. ఇక్కడి గదుల లెక్కకి అది సొంత తమ్ముడే. 2004లో ఉచిత కరెంటొచ్చింది. 2020లో ఆంధ్రప్రదేశ్‌లో శ్రీకాకుళం జిల్లా నుంచి పంపుసెట్లకి మీటర్లు మొదలెడితే రైతులకి కలిగింది కూడా ఆ భయమే. దాన్ని మూఢత్వం అని కొట్టిపారేసేవాళ్ళతో నాకు పేచీ ఉంది. శాక్రమెంటోలో ఆ భయం అక్షరాలా నిజమైంది మరి. హైదరాబాదులో తమాషా ఇంకోలా జరిగింది. 2021 జనవరిలో నెలకి ఇరవై వేల లీటర్లు ఉచితం అన్నప్పుడు, బస్తీలు తప్పించి మిగతా ఇళ్ళకి అది దక్కాలంటే పనిచేసే మీటరుండాలన్నారు. ఫ్రీగా కావాలంటే మీటరు!

ఇక ఎండ సంగతి. శాక్రమెంటోకి కరెంటిచ్చేది ప్రైవేటు కంపెనీ కాదు, జనం ఎన్నుకున్న బోర్డు నడిపే స్మడ్ అనే సంస్థ. 1923లో ఓటేసి పెట్టుకున్నారు. కోర్టు గొడవలన్నీ తెగి కరెంటివ్వడం మొదలయ్యేసరికి 1946 ఆఖరు. 1989లో ఇదే జనం ఓటేసి తమ అణువిద్యుత్ కేంద్రాన్ని మూయించారు. 1993 నుంచి స్మడ్ ఇళ్ళ కప్పుల మీద సోలారు పలకలు పెట్టడం మొదలెట్టింది. పలకలు సంస్థవి, కరెంటూ సంస్థదే. కప్పు ఇచ్చినవాళ్ళు ఎదురు నెలకి నాలుగు డాలర్లు కట్టారు! మన ఊళ్ళో సెల్ టవరుకి డాబా ఇచ్చి అద్దె పుచ్చుకునేవాళ్ళు ఇది వింటే నవ్వుతారు.

1995లో నెట్ మీటరింగు చట్టమొచ్చాక లెక్క తిరగబడింది. పలకలు మనవే, మిగిలిన కరెంటు లైన్లోకి పంపితే మీటరు వెనక్కి తిరుగుతుంది. కానీ పలక బిగించాలంటే ఊరి పర్మిట్ కావాలి. ఊరికో ఫారం, ఊరికో ఫీజు, ఊరికో ఇన్‌స్పెక్టరు. సోలారుని అడ్డుకోకూడదని 1978 నుంచీ చట్టముంది, దాన్ని మాటల్లో ఒప్పుకుని కాగితాలతో ఆపొచ్చు. రాష్ట్రం మళ్ళీ దిగింది. 2012లో ఇళ్ళ పర్మిట్ ఫీజుకి పరిమితి, మామూలు ఇంటికి 500 డాలర్లు. 2014లో ఊళ్ళన్నీ పద్ధతి సులువు చెయ్యాలని ఇంకో చట్టం. 2022లో యాభై వేలు దాటిన ఊళ్ళు 2023 సెప్టెంబరు కల్లా కంప్యూటరే తనిఖీ చేసి పర్మిటిచ్చే ఏర్పాటు పెట్టాలని మరోటి. ఈ విషయంలో నేను పూర్తిగా రాష్ట్రం పక్షం. వైరింగు భౌతికశాస్త్రం ఊరు దాటితే మారదు.

రాష్ట్రం పొరపాటు పడదని కాదు. 1978లోనే పక్కింటి పలకల మీద చెట్టు నీడ పడకూడదని చట్టం చేశారు. దాని పుణ్యమా అని మన సన్నీవేల్లోనే, పక్కింటివాళ్ళు పలకలు పెట్టకముందే నాటిన రెడ్‌వుడ్ చెట్లకి ఒక జంట మీద క్రిమినల్ కేసు నడిచింది. 2008లో చట్టం మార్చారు.

ఇప్పుడు అసలు పేచీకొద్దాం. స్మడ్ 2022 మార్చి నుంచి కొత్త సోలారు ఇళ్ళకి, లైన్లోకి పంపే కరెంటుకి యూనిట్‌కి 7.4 సెంట్లే అంది. ప్రైవేటు కంపెనీలకి రాష్ట్ర కమిషను ఇలాంటి కోతే 2023 ఏప్రిల్ నుంచి పెట్టింది. వాళ్ళ వాదన: వెనక్కి తిరిగే మీటరు నికరం మాత్రమే చూపిస్తుంది, రాత్రిపూట వాడుకునే తీగెలూ స్తంభాల ఖర్చు సోలారు లేనివాళ్ళ మీద పడుతోంది. అంటే అచ్చం ఆ ముసలావిడ, పచ్చిక ఆసామీ కథే. నీళ్ళ విషయంలో ఆ వాదనకి తలూపిన నేను ఇక్కడ కాదనలేను. కాకపోతే పచ్చిక ఎవరికీ నీళ్ళు తిరిగివ్వదు, పలక మధ్యాహ్నం ఎండలో పక్కింటి ఏసీకి కరెంటిస్తుంది. ఆ లెక్క 7.4 దగ్గర తేలిందా, ఇంకా పైనుండాలా అన్నది స్మడ్ బోర్డులో ఓటరు అడగ్గలడు. ప్రైవేటు కంపెనీ కింద ఉన్న సన్నీవేల్ ఇంటాయనకి ఆ ఓటు కూడా లేదు, గవర్నరు నియమించిన కమిషనర్లు చెప్పిందే వినాలి.